రాంబస్ వంతు పిల్ల

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన లెక్కల టీచర్లు నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడం, పిల్లలకి జామెట్రీ అంటే భయం పోవాలంటే ఏం చెయ్యాలి?" ముందు మీ హెడ్మాస్టరుకి భయం పోగొట్టండి, పిల్లల సంగతి పిల్లలే చూసుకుంటారు అంటాను. ముసలామె చాదస్తం అనుకుని నవ్వేసి వెళ్ళిపోతారు. చాదస్తమే, కాదనను. అయినా ఒక రోజు సంగతి చెబుతాను, వినండి.

మాది టెక్కలి. ఉద్యోగమంతా పలాస చుట్టుపక్కలే తిరిగింది గానీ, ఎక్కువ కాలం పనిచేసింది వజ్రపుకొత్తూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక హైస్కూల్లో. ఊరి పేరు చెప్పను. చెబితే మా హెడ్మాస్టరు గారి పేరు చెప్పినట్టే. టెక్కలి నుంచి పలాసకి బస్సు, అక్కడినుంచి కొబ్బరి తోటల మధ్యగా ఆటో. తిరుగు ప్రయాణంలో నాతోపాటు చేపల బుట్టలు ఎక్కేవి. సాయంత్రం నేను ఇల్లు చేరితే మా పిల్లి తప్ప ఎవరూ ఎదురొచ్చేవారు కాదు.

నాకొక జబ్బుంది. మాటకి అర్థం తెలియకుండా లెక్క చెయ్యలేను, చేయించలేను. బిందువు అంటే బొట్టు. పరిధి అంటే చుట్టూ పెట్టినది, కంచె లాంటిది. శంకువు అంటే మేకు. నాయకులు కొబ్బరికాయ కొట్టి శంకుస్థాపన చేశారంటే ఒక మేకు పాతి వెళ్ళారని అర్థం. మా వైపు చాలా భవనాలు ఇప్పటికీ ఆ అర్థానికే కట్టుబడి ఉన్నాయి. కేంద్రం అసలు మన మాటే కాదు, గ్రీకుల నుంచి వచ్చింది. వాళ్ళకది పొడిచే ములుకు. వృత్తలేఖిని ములుకు కాయితంలో గుచ్చుకుంటుందే, అదీ కేంద్రం. ఢిల్లీ గురించి నేనేమీ అనడం లేదు.

అన్నిటికన్నా సైన్ కథ నాకిష్టం. పదో తరగతి పిల్లలు సైన్ తీటా, సైన్ తీటా అని జపం చేస్తారు కదా, అది మన జ్యా. జ్యా అంటే వింటినారి. వృత్తంలో ముక్క విల్లులా వంగి ఉంటుంది కాబట్టి చాపం, దాని రెండు కొసల్నీ కలిపే గీత నారి. ఈ నారి జీవా అనే మారుపేరుతో అరబ్బుల దేశం వెళ్ళింది. వాళ్ళ రాతలో అచ్చులు రాయరు. తర్వాత చదివినవాళ్ళు దాన్ని బట్ట మడత అనుకున్నారు. లాటిన్ పండితులు ఆ మడతనే తమ భాషలోకి మార్చి సైనస్ అన్నారు. అలా ఊళ్ళు తిరిగి, ఇంగ్లీషు సూటు వేసుకుని, చివరికి మన బడికే వచ్చి కూర్చుంది. బదిలీల్లో సర్వీసు రిజిస్టరు పాడైపోయిన గుమస్తాని చూడండి, అచ్చం అలాగే.

పిల్లలు ఇవన్నీ నోరు తెరుచుకుని వినేవారు. సిలబస్ పూర్తయ్యేదా అని అడక్కండి. ఆదివారాలు కలుపుకుంటే అయ్యేది.

మా హెడ్మాస్టరు గారిది టెక్కలి దగ్గర భూములున్న కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకి తెలిసిన జామెట్రీ ఒక్కటే: పై అధికారి ఎటు వంగితే తానూ అటే సమాంతరంగా వంగడం. ఆ పనిలో మాత్రం ఆయన గీత ఎన్నడూ తప్పలేదు. ఎవరు తనిఖీకి వచ్చినా వాళ్ళ కారు డిక్కీలో ఆయన తోట బొండాలు చేరేవి.

ఆ ఏడు పైనుంచి ఒక మాట దిగింది. పిల్లలు తక్కువగా, చదువు పలచగా ఉన్న బళ్ళలో తొమ్మిది, పది తరగతులు ఎత్తేసి దూరంగా ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారట. ఒక అధికారి వచ్చి, చూసి, రాసి తేలుస్తారట. అప్పటికే మా బడి ఇంగ్లీషు మీడియంలోకి మారింది. అంటే బోర్డు మారింది. పిల్లలూ మేమూ పాతవాళ్ళమే.

కబురు ఊళ్ళోకి పాకిన మర్నాడే తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్తెకి తల్లి, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ పిల్ల తండ్రికి కిడ్నీలు పాడయ్యాయి, పలాసలో డయాలిసిస్. ఇంటింటా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో ఆ మాటకి అర్థం ఎవరికీ చెప్పనక్కర్లేదు. తల్లి పలాస జీడిపిక్కల ఫ్యాక్టరీకి పనికెళ్ళేది. పిక్కల జీడి తగిలి వేళ్ళ కొసలు నల్లగా కమిలిపోయి ఉండేవి.

"అమ్మా, బడి ఇక్కడుంటే మా గుంట సదువుతాది," అంది గుమ్మంలోనే నిలబడి. "ఆయన్ని ఆసుపత్రికి నాను తీసుకెల్లిన రోజు ఇంటికాడ కుర్రోడ్ని అదే సూసుకోవాల, వంట అదే సెయ్యాల. ఇక్కడైతే పరిగెత్తుకెల్లి పరిగెత్తుకొచ్చీత్తాది. దూరంగా ఎట్టీసినారంటే ఇంకేటి సేత్తాది? నాతోపాటు పిక్కలకాడికి ఒచ్చీత్తాది. ఆ ఒచ్చే పెద్దసారుకి మీరే సెప్పాల."

"నువ్వు పంపను అనకు. చూద్దాం," అన్నాను.

"నానెందుకంటానమ్మా? ఎల్లలేనప్పుడు అది మాత్రం ఏటి సేత్తాది?"

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ పిల్ల అల్లాటప్పా పిల్ల కాదు. నేను కర్ణం అంటే చెవి అని చెబితే, "మరి దానికి చెవి ఎక్కడుంది మేడం?" అని రెండు రోజులు నా వెంటపడి, లంబకోణ త్రిభుజాన్ని అటు తిప్పి ఇటు తిప్పి వెతికింది. అలాంటి పిల్ల పిక్కల దగ్గర కూర్చుంటే ఆ పాపం ఎవరిది?

మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు మమ్మల్నందరినీ పిలిచారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"మేడం గారూ, మీ సబ్జెక్టుతోనే కొట్టేద్దాం. జామెట్రీ వర్డ్స్, వాటి మీనింగులు. ఇంగ్లీషులో. తలకొకటి."

"తలకొకటి ఏమిటండీ, పంక్తిలో లడ్డూలా?"

"అదే, అదే. బెంచీల వరసలో పంచుతాం. చార్టు మీద కూడా అదే వరస. సార్ చార్టు చూసి అడుగుతారు, పిల్లలు వరసాగ్గా లేచి చెప్పేస్తారు. ఎవడి మాట వాడికొస్తే చాలు."

"పక్కవాడి మాట వీడిని అడిగితే?"

"పక్కవాడున్నాడు కదండీ," అన్నారాయన ఆశ్చర్యంగా.

ఇది చదువు కాదు, పిల్లలకి అర్థాలు చెప్పి వదిలేద్దాం, వచ్చిన భాషలో చెబుతారు అన్నాను. గొంతు కొంచెం పెరిగింది కూడా. ఆయన చేతులు జోడించారు. "అమ్మా, మీ అర్థాలన్నీ రిటైరయ్యాక పుస్తకం రాసుకోండి. ఇప్పుడు మాత్రం బడి నిలబెట్టనివ్వండి." ఇదిగో, రాసుకుంటున్నాను.

డ్రిల్లు మాస్టారు విజిలు పట్టుకుని రంగంలోకి దిగాడు. విజిలు ఊదితే ఒకడు లేవాలి, మాట చెప్పాలి, కూర్చోవాలి. రేడియస్ వంతు కుర్రాడు "స్పోక్ ఆఫ్ ఎ వీల్" అని అరిచేవాడు, చక్రం ఆకు అని. టాంజెంట్ "టు టచ్", అంటే తాకడం. ట్రెపీజియం "స్మాల్ టేబుల్". అర్థాలన్నీ నావే, నిజమే. కానీ వాటిని ఆ గదిలో వింటుంటే మా ఇంటి గిన్నెలు ఎవరో వేలం వేస్తున్నట్టుండేది.

ఆ పిల్లకి రాంబస్ వచ్చింది. స్పిన్నింగ్ టాప్, బొంగరం. సాయంత్రం నాలుగు భుజాలూ సమానమైన ఆ బొమ్మ గీసుకుని నా దగ్గరకొచ్చింది.

"మేడం, బొంగరం ఇలాగుండదు గదా?"

"గ్రీకుల మాట అది. గిరగిరా తిరిగేదేదో వాళ్ళకి ఉండేది. వాళ్ళ బొంగరం మన బొంగరంలా ఉండాలని రూలేముందే?"

"మరి నన్ను మా తమ్ముడి బొంగరం ఒట్టుకొచ్చి సూపించమన్నారు గదా సారు."

"సూపించకు," అన్నాను. నాక్కూడా వాళ్ళ యాస వచ్చేసింది ఆ కోపంలో.

తనిఖీ రోజు రానే వచ్చింది. నేను ఆటో దిగేసరికి ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. కవ్వ చేపలు మంద కట్టి ఒడ్డుకి దగ్గరగా వచ్చాయి. పెద్దవల వేసేశారు. పెద్దవలంటే మీలో చాలామంది చూసి ఉండరు. తెప్ప మీద వలని సముద్రంలోకి తీసుకెళ్ళి, వంపుగా తిప్పి దింపుతారు. రెండు చివర్ల తాళ్ళూ ఒడ్డు మీదే ఉంటాయి. అటు కొందరు, ఇటు కొందరు పట్టి లాగుతారు. తాడు మీద చెయ్యేసిన ప్రతి మనిషికీ వాటా ఉంటుంది, ఆడదైనా, పిల్లైనా. ఒక్కటే షరతు: పట్టినవాళ్ళు వల ఒడ్డెక్కేదాకా వదలకూడదు. ఊరికే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడకూడదు కూడా. అలాంటి రోజు ఏ తనిఖీ లెక్కలోకొస్తుంది? తొమ్మిదో తరగతిలో సగం తాడు మీద ఉంది. రాంబస్ కూడా అక్కడే. తండ్రి లాగలేడు కాబట్టి ఆ ఇంటి వాటా తల్లీకూతుళ్ళ చేతుల్లోనే ఉంది.

ఖాళీ బెంచీలు చూసి హెడ్మాస్టరు గారి మొహం పాలిపోయింది. "ముందు బెంచీలు నిండుగా కనబడాలి," అని, ఉన్న పిల్లల్ని లేపి ముందుకి జరిపేశారు. వెనక ఖాళీల్లోకి ఎనిమిదో తరగతి నుంచి అరువు తెచ్చి కూర్చోబెట్టారు.

"సార్, వరస మారిపోయింది," అన్నాను.

"గది నిండింది కదండీ," అన్నారు.

అధికారి వచ్చారు. గోదావరి వైపు మనిషి, మెత్తటి మాట, నిగనిగలాడే బూట్లు. చార్టు చూసి చాలా సంతోషించారు. "వెరీ గుడ్. కాన్సెప్ట్ ఓరియెంటెడ్," అన్నారు. డ్రిల్లు మాస్టారు కిటికీ అవతల నిలబడి అలవాటు కొద్దీ విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

"వాట్ ఈజ్ రేడియస్?"

వరసలో ఆ స్థానంలో ఉన్న కుర్రాడు లేచి, "టు టచ్ సార్!" అన్నాడు.

అధికారి కళ్ళద్దాలు సర్దుకున్నారు. "టాంజెంట్?"

"స్మాల్ టేబుల్ సార్!"

"ట్రెపీజియం?"

అక్కడ కూర్చున్నది ఎనిమిదో తరగతి అరువు సరుకు. వాడు నిటారుగా లేచి తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా చెప్పి కూర్చున్నాడు. ఆ గదిలో అర్థం తెలిసి జవాబు చెప్పినవాడు వాడొక్కడే అనిపించింది నాకు. తమాషా ఏమిటంటే ఒక్క జవాబూ తప్పు కాదు. అన్నీ పక్క ప్రశ్నకి సరిపోయేవే.

అధికారి గొంతులో మెత్తదనం పోయింది. హాజరు చూపించమన్నారు. తల ఎత్తి, "సగం మంది ఏరి?" అన్నారు.

"జ్వరాలండి," అన్నారు హెడ్మాస్టరు గారు.

"సగం క్లాసుకా?"

"ఊరంతా అలాగే ఉందండి. వైరలు."

ఇక్కడే మా హెడ్మాస్టరు గారి లెక్క తప్పింది. ఉద్దానంలో సగం క్లాసు మంచం పట్టిందంటే వేరే చోట అన్నట్టు కాదు. అధికారి మొహం మారిపోయింది. వెంటనే ఫోన్ తీసి ఎవరికో చెప్పారు. "మెడికల్ టీమ్‌ని పంపండి. వ్యాను, డాక్టరు, బ్లడ్ శాంపిల్స్. అవును, ఇప్పుడే." హెడ్మాస్టరు గారు నావైపు చూశారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుందామనుకున్నాను. కానీ పాపం, ఆ డాక్టర్లు నిజంగా పనిలో ఉన్నవాళ్ళు.

"జ్వరం కాదు సార్. చేపలు," అన్నాను.

"వాట్?"

"పిల్లలు సముద్రం దగ్గర వల లాగుతున్నారు. రండి, చూపిస్తాను."

ఇసుకలో ఆయన బూట్లు మొదటి పది అడుగుల్లోనే ఓడిపోయాయి. వెనకాల హెడ్మాస్టరు గారు బొండాం పట్టుకుని వస్తున్నారు, ఎందుకో ఆయనకే తెలియదు. ఒడ్డున తాడు పట్టుకున్న జనం మాకేసి తల కూడా తిప్పలేదు. వల సగం దూరం వచ్చింది. తాడు బిగిసి నీళ్ళు కారుతోంది.

అధికారి నడుము మీద చేతులు వేసుకుని, "చిల్డ్రన్, కమ్ హియర్!" అన్నారు. ఒక్కడూ కదల్లేదు. కదిలితే వాటా పోతుంది. ఆ పిల్ల తల్లి మాత్రం వెనక్కి తిరిగి చూసింది. పెద్దసారు ఈయనే అని ఆమెకి తెలియదు.

"ఓ బాబూ, అలగ సూత్తూ నిలబడతారేటి? ఒక సెయ్యెయ్యండి! బరువుగున్నాది!"

ఆయన ఏమనుకున్నారో ఏమో గానీ, చెయ్యేశారు. వేశాక తెలిసింది. ఒక్క అలకి తాడు ఆయన్ని మోకాలి లోతు నీళ్ళలోకి లాక్కెళ్ళింది. వదలబోయారు.

"ఒగ్గీకండి బాబూ! ఒట్టుకున్నాక సగంలో ఒగ్గీకూడదు!" తల్లి కేక వేసింది.

ఆయన వదల్లేదు. ఆయన ముందు తాడు మీద ఉన్నది మన రాంబస్సే. ఒగరుస్తూనే, పోయిన పరువు ఎక్కడో వెతుక్కుంటున్నట్టు, "నువ్వు ఏ క్లాసు? ఆర్క్ అంటే ఏమిటి? చెప్పు," అన్నారు.

ఆ పిల్ల తాడు లాగుతూనే గడ్డంతో సముద్రంకేసి చూపించింది. "అదిగోండి సార్, వల ఒంగినాది సూడండి, విల్లు లాగ. అది చాపం. అటు తాడోల్లు అక్కడున్నారు, మనం ఇక్కడున్నాం. మద్దినున్న ఈ ఒడ్డు జ్యా. జ్యా అంటే వింటినారి. మనం రెండు తాళ్ళోల్లం దగ్గరికి జరిగిపోతన్నాం గదా, నారి సిన్నదైపోతాది, అప్పుడు సేప మద్దిలో సిక్కడిపోతాది."

"ఇంగ్లీషులో?"

"ఇంగ్లీషులో నా వంతు రాంబస్ సార్. అది బొంగరం. మిగతావి అడక్కండి, అయి వేరేవోల్లవి."

ఆయన నవ్వారు. నీళ్ళు కారుతున్న ప్యాంటుతో, అరిచేతులు మండుతుంటే, పగలబడి నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం వచ్చింది. పక్కన నేనూ తాడు పట్టుకుని, ఈ పిల్ల ఇంటి సంగతి, బడి దూరమైతే ఏమవుతుందో అంతా చెప్పేశాను. కేకలు వేస్తూ చెప్పాను, అలల హోరులో ఇంకోలా వినబడదు. ఆయన వింటూనే లాగారు. వల ఒడ్డెక్కేదాకా తాడు మాత్రం వదల్లేదు.

ఈలోగా మెడికల్ వ్యాను వచ్చింది. డాక్టరు జ్వరాల కోసం వెతికి, చివరికి అధికారి అరిచేతులకి మందు రాశాడు. మా ఇంగ్లీషు టీచరు సెల్‌ఫోన్లో ఫోటోలు తీసింది. ఆచారం ప్రకారం అధికారికి కూడా ఒక వాటా కవ్వలు పోశారు. వద్దు వద్దన్నారు గానీ ఆయన డ్రైవరుకి అలాంటి మొహమాటాలు లేవు.

మర్నాడు పేపర్లో, తాడు లాగుతున్న అధికారి ఫోటో వచ్చింది. ఇక ఆయన్ని ఆపేవారెవరు? తాను లాగిన తాడు గురించి తానే తక్కువగా రాసుకోరు కదా! సముద్ర తీరంలో కృత్యాధార జామెట్రీ బోధన, ఆదర్శప్రాయం, తరగతులు యథాతథంగా కొనసాగించవలెను అని రిపోర్టు రాశారు. ఈ బోధనకి రూపకర్త మా హెడ్మాస్టరు గారే అని తేలింది. ఆయన కాదనలేదు. శాలువా కప్పారు. తర్వాత అన్ని బళ్ళకీ ఒక సర్క్యులర్ వెళ్ళింది, తీర ప్రాంత పద్ధతిలో జామెట్రీ చెప్పమని. పలాస అవతల కొండల్లో ఉన్న ఒక బడి నుంచి, సముద్రం ఎవరు సరఫరా చేస్తారో తెలియజేయగలరు అని జవాబు వచ్చిందని విన్నాను. రాసినవాడు ఎవరో గానీ వాడికి మొక్కాలి.

నేను మాత్రం ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. సంతోషం వల్లే. సిగ్గు కూడా కొంచెం ఉంది. ఒక పిల్ల చదువు నిలబడింది, కానీ చదువు వల్ల కాదు, ఒక ఫోటో వల్ల. ఏ వల అయితేనేం, చేప ఒడ్డెక్కిందని సర్దుకున్నాను.

ఆ పిల్ల మా బడిలోనే పది పాసయింది. తర్వాత సర్వే కోర్సు చదివింది. నేను రిటైరయ్యాక కబుర్లు తగ్గిపోయాయి. ఆ మధ్య ఒక ఉదయం హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. ఆయనా రిటైరయ్యారు, తోట చూసుకుంటున్నారు. తమ్ముడితో సరిహద్దు తగాదా వచ్చిందట, కొలవడానికి సర్వేయరు వస్తోందట.

"మన పిల్లే మేడం గారూ! మీరూ రండి. పాత గురువులం ఇద్దరం కనబడితే ఆ గౌరవం వేరు."

ఆ గౌరవం ఏ కొలతలో పనికొస్తుందో అర్థమై, చూద్దామని వెళ్ళాను. టోపీ పెట్టుకుని, మెడలో ఐడీ కార్డుతో వచ్చింది. నా కాళ్ళకి దణ్ణం పెట్టింది, ఆయనకీ పెట్టింది. బొండాం ఇస్తే పని అయ్యాక తాగుతానంది. పాత రాయి వెతికించి, టేపు విప్పి, "సార్, ఈ కొస పట్టుకోండి," అని ఆయన చేతికే ఇచ్చింది. రెండో కొస పట్టుకుని తను నడిచింది. జామెట్రీ అంటే భూమిని కొలవడమని నేనే చెప్పాను తనకి. ఇన్నేళ్ళకి ఆ మాట నా కళ్ళముందు నడుస్తోంది.

రికార్డులో ఉన్న కొలత ప్రకారం టేపు హెడ్మాస్టరు గారి కంచె దాకా వెళ్ళలేదు. దానికి ఇవతలే, ఒక వరస కొబ్బరి చెట్లు మిగిలి ఉండగానే ఆగిపోయింది. ఆ వరస తమ్ముడిది.

హెడ్మాస్టరు గారు నావైపు చూశారు. నేను ఆకాశం చూశాను. ఆయన గొంతు తగ్గించి, "అమ్మా, నీ చదువు నిలబడింది మన బడి వల్లే కదా," అన్నారు.

"అవును సార్. ఎప్పుడూ మర్చిపోను."

"మరి కొంచెం… ఇంకోసారి చూడు. టేపు ఎక్కడో వదులుగా ఉన్నట్టుంది." అంటూనే ఆయన వేళ్ళు సడలాయి.

ఆ పిల్ల అటు చివర నుంచి తల ఎత్తింది. గొంతులో కోపం లేదు, వాళ్ళమ్మ గొంతే ఉంది.

"సార్, గట్టిగా ఒట్టుకోండి. సగంలో ఒగ్గీకండి."

ఆయన మళ్ళీ బిగించి పట్టుకున్నారు. పక్కనున్న బొండాం అందుకుని నేను తాగేశాను.